లిన్ మార్గులిస్ డాక్యుమెంటరీని పదిమందికి చూపించాలంటే

శాస్త్రవేత్తల మీద తీసిన డాక్యుమెంటరీ ఇంట్లో ఒకలా ఉంటుంది, హాల్లో ఇంకోలా ఉంటుంది. లిన్ మార్గులిస్ విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ. ఆవిడ అమెరికన్ జీవశాస్త్రవేత్త. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా, మొక్కల కణాల్లో ఆకుపచ్చగా ఉండే హరితరేణువులు ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియా అని వాదించిన మనిషి. ఆవిడ జీవితమంతా సూక్ష్మజీవులతోనే గడిచింది కాబట్టి తెరమీదా అవే ఉంటాయి: నల్లటి నేపథ్యంలో సన్నగా మెరుస్తూ ఈదే జీవులు. కర్టెన్ సందులోంచి కాస్త ఎండ పడిందా, అవి మాయం. బూడిదరంగు తెర, దాని వెనక ఎవరిదో గొంతు, అంతే మిగులుతుంది. అలాంటి ప్రదర్శన పెట్టేవాళ్లకు పనికొచ్చే సంగతులు ఇవి. ఒక మాట ముందే చెప్పాలి: సినిమా తర్వాత మైక్రోస్కోపులు పెట్టిన బల్ల లేకపోతే ఈ శ్రమలో సగం దండగ. రెండు గంటలపాటు జీవుల సహజీవనం (సింబయోసిస్) గురించి విన్న మనిషి దాన్ని కళ్లారా చూడకుండా ఇంటికి వెళ్లకూడదు.

మొదట అనుమతి. డీవీడీ కొన్నాం కదా, స్ట్రీమింగ్ చందా కడుతున్నాం కదా అంటే కుదరదు. అవి ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చే హక్కులు. టికెట్ పెట్టకపోయినా సరే, చాలా దేశాల్లో బహిరంగ ప్రదర్శనకు నిర్మాత దగ్గరో పంపిణీదారు దగ్గరో విడిగా లైసెన్సు తీసుకోవాలి. తేదీ, చోటు, కుర్చీల సంఖ్య, టికెట్ సంగతి, ఎన్ని ఆటలు, ఉపశీర్షికలు మనమే వేసుకోవచ్చా లేదా అన్నవన్నీ మొదటి ఉత్తరంలోనే అడిగేస్తే నాలుగు ఉత్తరాల పని ఒక్కదానితో తీరుతుంది. ఆరు వారాల ముందు మొదలుపెట్టడం మంచిది.

ఫైలు అడిగేటప్పుడు ఎంపీ4 అని స్పష్టంగా రాయండి. సినిమా హాళ్లకు పంపే డీసీపీ మామూలు ల్యాప్‌టాప్‌లో ఆడదు. సెకనుకు 8 మెగాబిట్ల లెక్కన రెండున్నర గంటల సినిమా దాదాపు 9 జీబీ అవుతుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. అది ఆఖరి రోజు తెలిస్తే కంగారు. ముందే ఎక్స్‌ఫ్యాట్ చేసుకుని, రెండు పెన్‌డ్రైవుల్లో ఒక్కో కాపీ, ల్యాప్‌టాప్‌లో ఇంకో కాపీ ఉంచుకోవాలి. ఆడించడం మాత్రం ల్యాప్‌టాప్‌లో ఉన్న కాపీనే. ఇంటర్నెట్ మీద ఆధారపడి ఆడించడం మంచి పద్ధతి కాదు. పైగా రక్షణ ఉన్న స్ట్రీమింగ్ వీడియోలు కొన్ని ప్రొజెక్టర్లకు కేబుల్ ద్వారా వెళ్లేసరికి ఒట్టి నల్లతెర అయిపోతాయి.

తెలుగు ఉపశీర్షికల పని అనుకున్నదానికంటే పెద్దది. ఎస్‌ఆర్‌టీ ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేయకపోతే అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తాయి. అది సరిచేసినా ప్రొజెక్టర్లలో, టీవీల్లో ఉండే సొంత ప్లేయర్లను నమ్మలేం. ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి, గుణింతాలు చెదిరిపోతాయి. అనుమతి ఉంటే ఉపశీర్షికలను దృశ్యంలోనే కలిపేసిన కాపీ ఒకటి చేసుకోవడం అన్నిటికన్నా క్షేమం. అప్పుడు ఏ యంత్రంలో ఆడించినా అక్షరం చెదరదు.

ఇంకో చిక్కు వేగానిది. ఉపశీర్షికలు సెకనుకు 25 ఫ్రేముల కాపీ చూసి రాసినవై, మన చేతిలో ఉన్నది 23.976 ఫ్రేములదైతే, మొదటి నిమిషంలో తేడా రెండున్నర సెకన్లే. గంట గడిచేసరికి రెండున్నర నిమిషాలు. వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ మీటలు నొక్కి ముందుకూ వెనక్కూ జరపడం దీనికి మందు కాదు, ఎందుకంటే తేడా పెరుగుతూనే ఉంటుంది. ఉపశీర్షికల సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చాల్సిందే. మొదట్లో సరిపోయింది కదా అని వదిలేయకుండా మొదట్లో, మధ్యలో, ఆఖరి పది నిమిషాల్లో మూడుచోట్ల సరిచూడాలి.

మాటల సంగతీ ఉంది. సింబయోసిస్‌కు పాఠ్యపుస్తకాల్లో సహజీవనం అనే మాట ఎప్పటినుంచో వాడుకలో ఉంది. కానీ వార్తాపత్రికల పుణ్యమా అని ఆ మాట వినగానే జనానికి గుర్తొచ్చేది పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటున్న జంట. మొదటిసారి తెరమీద పడగానే హాల్లో నవ్వులు ఖాయం. మొదటి రెండు మూడుసార్లు ‘జీవుల సహజీవనం’ అని రాసి, తర్వాత ఒట్టి ‘సహజీవనం’కు దిగితే సరిపోతుంది. ఒక కణం లోపల ఇంకో కణం కాపురం పెట్టడాన్ని అంతస్సహజీవనం అనొచ్చు. నిజకేంద్రక జీవి అన్న మాట పుస్తకంలో బాగానే ఉంటుంది గానీ మూడు సెకన్లలో చదవాల్సిన చోట ‘కేంద్రకం ఉన్న కణం’ అంటేనే తలకెక్కుతుంది. ఒకేసారి రెండు వరుసలు మించకూడదు. మార్గులిస్ మాట్లాడే వేగానికి ఆమె ప్రతి మాటా అనువదించాలని చూస్తే జనం చదువుతూనే ఉంటారు, చూడరు. సారం ఉంచి మిగతాది వదిలేయండి.

ఇక వెలుతురు. ఎక్కువమంది ఖరీదైన ప్రొజెక్టర్ కోసం వెతుకుతారు. కావలసింది నల్ల కర్టెన్లు. లెక్క చూడండి. 3 మీటర్ల వెడల్పు తెరకు 16:9 కొలతలో ఎత్తు 1.7 మీటర్లు, వైశాల్యం సుమారు 5 చదరపు మీటర్లు. 3000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ దానిమీద 600 లక్స్ (చదరపు మీటరుకు ఇన్ని ల్యూమెన్లు) వెలుగు వేస్తుంది. గది వెలుతురు తెరమీద 100 లక్స్ పడుతుంటే తెల్లటి చోట 700, నల్లగా ఉండాల్సిన చోట 100. అంటే తేడా ఏడింతలే. డబ్బు పోసి 6000 ల్యూమెన్లది తెచ్చినా 1300కు 100, పదమూడింతలు. అదే పాత ప్రొజెక్టర్‌తో గదిని చీకటి చేసి తెరమీద పడే బయటి వెలుగును 5 లక్స్‌కు దించితే తేడా 120 రెట్లు దాటుతుంది. నల్లటి నేపథ్యంలో మెరిసే బ్యాక్టీరియాకు కావలసింది ఈ తేడాయే. గదిని ప్రదర్శన జరిగే వేళకే వెళ్లి పరీక్షించాలి. ఉదయం పదికి చీకటిగా ఉన్న హాలులో సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీలోంచి ఎండ సూటిగా తెరమీద పడవచ్చు.

ప్రొజెక్టర్ ఎంత దూరంలో పెట్టాలో దాని త్రో రేషియో, అంటే దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె, చెబుతుంది. అది 1.5 అయితే 3 మీటర్ల తెరకు నాలుగున్నర మీటర్లు. ప్రొజెక్టర్‌ను తెర మధ్యగీతకు ఎదురుగా, సూటిగా పెట్టండి. పక్కన పెట్టేసి, వంకర సరిచేసే కీస్టోన్ మీట నొక్కితే చిత్రం దీర్ఘచతురస్రంగా కనిపిస్తుంది నిజమే, కానీ కొన్ని పిక్సెళ్లు పోయి సన్నటి అక్షరాలు అలుక్కుపోతాయి. తెలుగు ఒత్తులకు అది చావుదెబ్బ. తెర కింది అంచు నేలనుంచి కనీసం 1.3 మీటర్ల ఎత్తులో ఉండాలి, ఎందుకంటే కుర్చీలో కూర్చున్న మనిషి తల దాదాపు ఆ ఎత్తుకు వస్తుంది, ఉపశీర్షికలు ఉండేదేమో అడుగున. ప్రదర్శనల్లో తరచూ వినిపించే ఫిర్యాదు ముందున్న తలలు అడ్డం రావడమే. ఆఖరి వరుస తెర ఎత్తుకు ఆరింతలు, అంటే ఈ తెరకు 10 మీటర్లు దాటకుండా చూసుకుంటే అందరూ చదవగలరు.

చిత్రం కాస్త మసకబారినా జనం ఓర్చుకుంటారు. మాట వినపడకపోతే పావుగంటలో లేచిపోతారు. ప్రొజెక్టర్‌లో ఉండే చిన్న స్పీకర్ హాలుకు పనికిరాదు. రెండు స్పీకర్లను స్టాండ్ల మీద, తలలకు పైగా, తెరకు అటూ ఇటూ పెట్టాలి. నేలమీద పెడితే ముందువరుస చెవులు గింగురుమంటాయి, వెనకవాళ్లకు గుసగుస. బ్లూటూత్ స్పీకర్ వద్దు. శబ్దం సెకనులో పదో వంతో అంతకు మించో ఆలస్యంగా వచ్చి, పెదవులు ఒకటంటే మాట ఇంకోటవుతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించగానే ల్యాప్‌టాప్ శబ్దాన్ని ప్రొజెక్టర్‌కు మళ్లిస్తుంది. స్పీకర్లు మూగబోతే ముందు చూడాల్సింది సౌండ్ సెట్టింగునే. గుయ్‌మని ఎడతెగని హోరు వస్తుంటే ఒకసారి ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే అది ఎర్త్ లూప్ (గ్రౌండ్ లూప్ అన్నా ఇదే), పరికరాలు వేర్వేరు చోట్ల ఎర్త్‌కు కలవడం వల్ల వచ్చే హోరు. శబ్దం కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెడితే పోతుంది. చార్జర్ లేకుండానే నడిపేద్దాం అనుకోకండి, క్లైమాక్స్‌లో బ్యాటరీ అయిపోతుంది. ఖాళీ హాల్లో మాట ప్రతిధ్వనిస్తుంటే బాస్ తగ్గించండి. జనం నిండాక కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

హెచ్‌డీఎంఐ కేబుల్ 10 మీటర్లు దాటితే మామూలుది వద్దు. చిత్రంలో చుక్కలు మెరుస్తాయి, రెప్పపాటు తెర నల్లబడి మళ్లీ వస్తుంది. ఆప్టికల్ కేబుల్ వాడితే దానిమీద ఉన్న బాణం గుర్తు ప్రొజెక్టర్ వైపు ఉండాలి. తిరగేస్తే అసలు బొమ్మే రాదు. ల్యాప్‌టాప్‌లో స్లీప్, స్క్రీన్‌సేవర్, అప్‌డేట్లు, నోటిఫికేషన్లు ఆపేయడం చెప్పాల్సిన పని లేదు. అయినా ప్రతిచోటా ఎవరో ఒకరి సందేశం తెరమీద తేలుతూనే ఉంటుంది.

సినిమా రెండు గంటలు దాటితే మధ్యలో పది నిమిషాల విరామం ఇవ్వండి. గడియారం చూసి ఆపకూడదు. ముందురోజు చూసుకుని, ఒక అంశం ముగిసే చోటు నిమిషం, సెకను సహా రాసిపెట్టుకోవాలి.

చర్చకు అరగంట చాలు. నడిపేవాళ్లు జీవశాస్త్రంలో పండితులు కానక్కర్లేదు గానీ కొన్ని సంగతులు నాలుక చివర ఉండాలి, ఎందుకంటే ఈవిడ గురించి వచ్చే ప్రశ్నలు దాదాపు అవే. అంతస్సహజీవనం గురించి ఆమె రాసిన 1967 నాటి ప్రసిద్ధ వ్యాసం మీద లిన్ సేగన్ అని ఉందేమిటి? ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ ఆమె మొదటి భర్త. పెళ్లి ముగిశాక కూడా వ్యాసం ఆ పేరుతోనే అచ్చయింది. ఒక్క వాక్యంలో చెప్పి దాటేయండి, లేకపోతే చర్చ కాస్తా నక్షత్రాల మీదికి వెళ్లిపోతుంది. దాదాపు పదిహేను పత్రికలు తిప్పి పంపాక ‘జర్నల్ ఆఫ్ థియరెటికల్ బయాలజీ’ దాన్ని వేసుకుంది. అప్పటికి ఆమెకు 29 ఏళ్లు.

కణంలోని ఈ భాగాలు ఒకప్పటి బ్యాక్టీరియా అన్న ఆలోచన ఆమెదేనా అంటే, పూర్తిగా కాదు. హరితరేణువులు ఒకప్పుడు స్వతంత్ర జీవులని 1905లో రష్యన్ వృక్షశాస్త్రవేత్త మెరెష్కోవ్‌స్కీ అన్నాడు. మైటోకాండ్రియా బ్యాక్టీరియా నుంచి వచ్చాయని 1920లలో అమెరికాలో ఐవన్ వాలిన్ వాదించాడు. అప్పట్లో ఎవరూ లెక్కచేయలేదు. మార్గులిస్ చేసిందల్లా విడివిడిగా పడి ఉన్న ఆధారాలను ఒకచోట పేర్చి, ఇదే నిజమైతే ఫలానాచోట ఫలానాది కనబడాలి అని పరీక్షకు నిలబెట్టడం. కనబడ్డాయి కూడా. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది. మనిషిలో అది 16,569 అక్షరాల చిన్న వలయం, అందులో 37 జన్యువులు. కణంలో అవి కొత్తగా పుట్టవు, ఉన్నవే బ్యాక్టీరియా లాగ రెండుగా చీలతాయి. వాటిలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు బ్యాక్టీరియా వాటికి దగ్గర చుట్టాలు. బ్యాక్టీరియాను ఆపే క్లోరాంఫెనికాల్ మందు వాటినీ అడ్డుకుంటుంది. 1970లలో ఆర్‌ఎన్‌ఏ వరుసలు పోల్చి చూశాక హరితరేణువుల మూలం సయనోబ్యాక్టీరియా (మొక్కల్లా ఎండతో ఆహారం చేసుకునే బ్యాక్టీరియా) అన్నది గట్టిపడింది. మైటోకాండ్రియా సంగతీ తర్వాత అలాగే తేలింది. ఎవరైనా ఇలా జరగడం చూశారా అని తప్పకుండా ఒకరు అడుగుతారు. 1966లో క్వాంగ్ జియోన్ ప్రయోగశాలలో అమీబాలకు బ్యాక్టీరియా సోకి చాలావరకు చచ్చిపోయాయి. బతికినవాటి సంతతి కొన్నేళ్లకు ఆ బ్యాక్టీరియా లేకుండా బతకలేని స్థితికి వచ్చింది. ఈ ఒక్క ఉదాహరణ పది బొమ్మలకు సమానం.

ఇబ్బందికరమైన ప్రశ్నను దాటవేయకూడదు. ఆవిడ చెప్పినవన్నీ నిజం కాలేదు. కణాల తోకలు, నూగుపోగులు స్పైరోకీట్ అనే మెలికల బ్యాక్టీరియా నుంచి వచ్చాయని చివరిదాకా అన్నారు, ఆధారం దొరకలేదు. ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీ కారణమన్నదాన్ని ఆమె శంకించడం తప్పే, అందులో రెండో మాట లేదు. సినిమా అభిమానంతో తీస్తారు కాబట్టి ఇలాంటివి మెత్తగా జారిపోతాయి. చర్చలో తేటగా చెప్పేయాలి. ‘అయితే డార్విన్ తప్పన్నమాట’ అని లేచేవారికి జవాబు: రెండు జీవులు కలవడం కొత్తదనం పుట్టే ఒక దారి, అలా పుట్టింది నిలుస్తుందా పోతుందా తేల్చేది ప్రకృతి వరణమే. ప్రశ్నలడిగేవారికి మైకు ఇవ్వండి, లేదా నడిపేవారు ప్రతి ప్రశ్ననూ తిరిగి పలకండి. వెనక కూర్చున్నవారికి జవాబే వినపడి, ప్రశ్న ఏమిటో తెలియకపోతే విసుగొస్తుంది.

ఇప్పుడు బల్ల. అరవైమంది, ఒక్కొక్కరికి అర నిమిషం అనుకుంటే ఒక మైక్రోస్కోపు ముందు వరుస అరగంట కదులుతుంది. అందుకే నాలుగు ఉండాలి, లేదా ఒకదానికి కెమెరా తగిలించి టీవీకి కలపాలి. 40 రెట్ల కటకం దాకా వాడండి. నూనె వేసే 100 రెట్ల కటకాన్ని ముందే విప్పి దాచేయండి, ఎవరో ఒకరు తిప్పి స్లైడు పగలగొడతారు. మైటోకాండ్రియాను చూపించాలన్న ఆశ కూడా వదులుకోండి. అవి ఒక మైక్రాన్‌కు అటూ ఇటూ ఉంటాయి, రంగు వేసినా కొత్తవారికి చుక్కలే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటో ఒకటి పెద్దగా అచ్చువేసి పక్కన పెట్టడం నయం.

తేలికైనది హైడ్రిల్లా అనే నీటిమొక్క. కొమ్మ చివరి లేత ఆకు ఒకటి తుంచి, నీటిచుక్కలో పరిచి, కవర్‌స్లిప్ (పలచటి గాజుపలక) వేయడమే. మధ్య ఈనె తప్పిస్తే ఆకు మందం రెండే కణాలు కాబట్టి కోయనక్కర్లేదు. ముందు అరగంట మంచి వెలుతురులో ఉంచితే హరితరేణువులు కణం గోడల వెంట వరుసకట్టి తిరుగుతుంటాయి. ముదురాకు, చల్లటి నీరు అయితే కదలవు. ఒకప్పటి బ్యాక్టీరియా వారసులు ఇంకా తిరుగుతున్నట్టే ఉంటుంది, నిజానికి వాటిని తిప్పేది కణద్రవం. అడిగితే అది కూడా చెప్పండి.

అజొల్లా అనే నీటి ఫెర్న్ నా దృష్టిలో బల్లమీద అన్నిటికన్నా విలువైనది. పై ఆకు తమ్మెలు నాలుగైదు గిల్లి, నీటిచుక్కలో వేసి, కవర్‌స్లిప్ మీద పెన్సిల్ రబ్బరు మొనతో మెల్లగా అదమాలి. లోపలి గదులు పగిలి పూసల దండల్లాంటి సయనోబ్యాక్టీరియా బయటికి జారుతాయి. దండలో అక్కడక్కడ పాలిపోయి, గోడ మందంగా ఉన్న పూసలు హెటిరోసిస్టులు, గాలిలోని నత్రజనిని పట్టేది అవే. ఈ సయనోబ్యాక్టీరియా ఇప్పుడు బయట ఒంటరిగా బతకలేదు. ఫెర్న్ తరం మారినప్పుడు దానితోపాటే తర్వాతి తరానికి వెళ్తుంది. పూర్తిగా అవయవం కాలేదు, స్వతంత్ర జీవీ కాదు. మార్గులిస్ చెప్పిన ప్రయాణంలో సగం దారిలో ఉన్న జీవి ఇది, దీనికి మించిన వ్యాఖ్యానం అక్కర్లేదు.

రాతిపువ్వులాంటి లైకెన్‌ను పావుగంట నీటిలో నానబెట్టి, థర్మకోల్ ముక్క మధ్య ఇరికించి, కొత్త బ్లేడుతో పలచటి పొరలు కోయాలి. ఇరవై కోస్తే రెండు పనికొస్తాయి. పొర అంచున కాంతి దాటేంత పలచగా ఉంటే పైన శిలీంధ్రం, దాని కింద ఆకుపచ్చ శైవలాల వరుస విడిగా తెలుస్తాయి. గాలిబుడగలు వస్తే ఒక చుక్క ఆల్కహాల్ తగిలించండి.

అందరినీ నిలబెట్టేసేది చెదపురుగు పేగు, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. పుట్టలోంచి పట్టుకొచ్చిన చెదల్లో ఏమీ కనిపించదు. పుట్టలు కట్టే చెదల్లో చాలామటుకు పరిణామంలో పైవరుస కుటుంబానివి, వాటి పేగులో బ్యాక్టీరియా తప్ప పెద్ద ఏకకణజీవులు ఉండవు. ఎండిన కలపలో, పాత బల్లల్లో గూడు చేసుకునే చెదలు కావాలి. సైనికులను కాక పనివాళ్లను తీసుకోండి. అప్పుడే కుబుసం విడిచిన తెల్లటివి వద్దు, కుబుసంతోపాటు పేగులోని జీవులూ పోతాయి. తోటి చెదల మలద్వారం నుంచి వచ్చేది తిని మళ్లీ సంపాదించుకుంటాయి. లీటరుకు 6 గ్రాముల ఉప్పు కలిపిన నీటిచుక్కలో పురుగును పెట్టి, ఒక పట్టకారుతో తల పట్టుకుని, ఇంకోదానితో తోక చివర మెల్లగా లాగితే పేగు దారంలా వస్తుంది. దాన్ని చిట్లించి కవర్‌స్లిప్ వేసి, అంచుల చుట్టూ వాజలీన్ పూయాలి. గాలి తగిలితే అవి నిమిషాల్లో చచ్చిపోతాయి. మొత్తం 100 రెట్ల (10 రెట్ల కటకం) దగ్గర మొదలుపెట్టి 400కు (40 రెట్ల కటకం) వెళ్తే కలప ముక్కలు మింగుతూ దొర్లే జీవులు కనిపిస్తాయి. ఆస్ట్రేలియా చెదపురుగు ఒకదాని పేగులో ఉండే మిక్సోట్రైకా అనే ఏకకణజీవి తన ఒంటికి అతుక్కున్న వేల స్పైరోకీట్ల ఊపుతోనే ఈదుతుంది. మార్గులిస్‌కు ఎంతో ఇష్టమైన ఉదాహరణ అది. మన స్లైడులో అది ఉండదు గానీ దాని బంధువులు ఉంటాయి.

మిగతా మూడు స్లైడులూ ముందే సిద్ధం చేసి, అంచుకు నీటిచుక్క తగిలిస్తూ గంట నిలబెట్టవచ్చు. చెదపురుగుది ఆగదు. కాబట్టి నాలుగైదు పురుగులను తడి కాగితం వేసిన డబ్బాలో సిద్ధంగా ఉంచుకోవాలి. చర్చలో ఆఖరి ప్రశ్న నడుస్తుండగా ఒకరు చప్పుడు కాకుండా లేచి వెళ్లి మొదటి పేగు తీయాలి.